కారు డ్యాష్‌బోర్డులో వోల్ట్ మీటర్: బిగించడం తేలికే, లైను ఎక్కడ తీసుకున్నారన్నదే అసలు సంగతి

ఎర్ర బ్యాటరీ గుర్తు ఉంది కదా, మళ్లీ వోల్ట్ మీటర్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. ఆ గుర్తు చెప్పేది ఒక్కటే, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం దాదాపు మానేసిందని. బెల్టు తెగితేనో, లోపల ఏదైనా పూర్తిగా పోతేనో వెలుగుతుంది. కానీ మన బండ్లలో ఎక్కువగా జరిగేది అది కాదు. కార్బన్ బ్రష్షులు అరిగి ఛార్జింగ్ 14.2 వోల్టుల నుంచి 13.4కి, అక్కడి నుంచి 12.9కి మెల్లగా దిగుతుంది. లేదా బ్యాటరీయే ముసలిదై రాత్రంతా ఛార్జి నిలుపుకోలేకపోతుంది. లేదా ఛార్జింగ్ వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పి 15 దాటించి బ్యాటరీ నీళ్లు మరిగిస్తుంది. వీటిలో చాలావాటికి ఆ ఎర్ర లైటు వెలగదు. ఆఫీసు టైముకి తాళం తిప్పినప్పుడు టకటకమని చప్పుడొచ్చి సెల్ఫ్ తిరక్కపోతే, అప్పుడు తెలుస్తుంది.

మీటరు ఖరీదు వందల్లోనే ఉంటుంది, పని ఒక ఆదివారం పూటలో అయిపోతుంది. అయితే చాలామంది చేసేదేంటంటే, చేతికందిన ప్లస్ వైరు మీద తోలు గిల్లి అక్కడే మెలేసి టేపు చుట్టేస్తారు. అది 13.1 చూపిస్తుంటే ఆల్టర్నేటర్ పోయిందని టెన్షన్ పడిపోయి మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. అక్కడ మీటరుదీ ఆల్టర్నేటర్‌దీ తప్పేం ఉండదు, లైను తీసుకున్న చోటుదే తప్పు. అందుకే ఎక్కడ అతికించాలి, ఎలా రంధ్రం కొట్టాలి అన్నవాటికంటే ప్లస్ ఎక్కడ, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి కలిసి ఉండే బండి బాడీ) ఎక్కడ అన్నదాని మీదే ఎక్కువ రాస్తున్నాను. ఇదంతా 12 వోల్టుల కార్లు, జీపులు, బొలెరో లాంటి బండ్ల సంగతి. లారీలు, బైకుల మాట చివర్లో.

ఏ మీటరు కొనాలి

మార్కెట్లో దొరికేవి నాలుగు రకాలు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చేది అన్నిటికంటే సులువు, వైరింగే అక్కర్లేదు. కాకపోతే చాలా కార్లలో సెల్ఫ్ కొట్టే క్షణంలో ఆ సాకెట్‌కి కరెంటు ఆగిపోతుంది, కాబట్టి అసలు చూడాల్సిన సమయంలోనే అది ఆరిపోతుంది. పైగా అదే సాకెట్లోంచి ఫోన్ ఛార్జర్ కూడా లాగుతుంటే అంకె కొంచెం తక్కువ చూపిస్తుంది. ఉజ్జాయింపుకి చాలనుకుంటే అదే కొనేసి ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

రెండోది ముల్లు ఉన్న గుండ్రటి మీటరు, 52 మిల్లీమీటర్ల సైజు. పాత జీపులో, జిప్సీలో అది ఇచ్చే అందం డిజిటల్‌కి రాదు. కానీ దాని స్కేలు 8 నుంచి 16 దాకానో 18 దాకానో ఉంటుంది, అందులో 0.3 వోల్టు తేడా కంటికి ఆనదు. బ్యాటరీ విషయంలో 0.3 అంటే చాలా పెద్ద తేడా, 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.3 ఉంటే మూడో వంతు దాకా ఖాళీ అయినట్టు. అందుకే నా ఓటు డిజిటల్‌కే.

డిజిటల్‌లో రెండు వైర్లవీ మూడు వైర్లవీ ఉంటాయి. రెండు వైర్లదానికి ఎరుపు, నలుపు మాత్రమే, వెలగడానికి తీసుకునే లైనునే కొలుస్తుంది. మూడు వైర్లదానికి ఎరుపు వెలగడానికి, నలుపు ఎర్త్‌కి, మూడోది, ఎక్కువగా పసుపో తెలుపో, కొలవడానికి. ఈ మూడో వైరు విడిగా ఉండటమే దాని గొప్పతనం, ఎందుకో కిందకి వచ్చాక అర్థమవుతుంది. కొనేటప్పుడు షాపువాణ్ని అడిగి మూడు వైర్లదే తీసుకోండి. దశాంశం తర్వాత ఒక అంకె తప్పనిసరి, రెండో అంకె ఉంటే అది ఊరికే ఎగురుతూ చిరాకు పెడుతుంది. రంగు మీ ఇష్టం, కానీ రాత్రి డ్రైవింగ్ ఎక్కువైతే నీలం వద్దు, కళ్లలో పొడుస్తుంది, ఎరుపు నయం. హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీలో విడి డిస్‌ప్లేలు దొరుకుతాయి, రాణిగంజ్ వైపు బండి సామాన్ల షాపుల్లో గుండ్రటివి ఉంటాయి. బెజవాడ వాళ్లకి ఆటోనగర్ ఉండనే ఉంది.

ఒక మాట. పాత మహీంద్రా జీపుల డ్యాష్‌బోర్డులో ఎంత కరెంటు పోతోందో చూపే ఆమ్మీటర్ ఉండేది, మధ్యలో సున్నా, అటూ ఇటూ ప్లస్ మైనస్. సెల్ఫ్ మోటారు లాగేది తప్ప బండి కరెంటు దాదాపుగా అంతా దాని గుండానే పోయేది, అందుకే దాని వెనక లావుపాటి వైర్లు కనిపిస్తాయి. అది తీసేసి అదే రెండు వైర్ల మధ్య వోల్ట్ మీటర్ పెడితే బండి పనిచెయ్యదు. వోల్ట్ మీటర్‌ని ఎప్పుడూ ప్లస్‌కీ ఎర్త్‌కీ మధ్య కలపాలి, ఆమ్మీటర్‌లా లైను తెంపి మధ్యలో కాదు. ఆమ్మీటర్ తీసేస్తే ఆ రెండు లావు వైర్లనీ ఒకదానికొకటి గట్టిగా బోల్టు వేసి కలిపి, ఇన్సులేషన్ చేసి, వోల్ట్ మీటర్‌కి విడిగా లైను తీసుకోవాలి.

కావలసిన సామాను

మల్టీమీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, చవకదైనా పర్లేదు. వైరు 0.5 లేదా 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు, కానీ సన్నటి రాగి పోగులు చాలా ఉన్న బండి వైరే కొనండి. ఇంటి వైరింగులో మిగిలిన ఒంటి తీగ వైరు బండి అదురుకి లోపలే విరుగుతుంది, బయటికి తోలు బాగానే కనిపిస్తుంది. ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోట గుచ్చి అక్కడి నుంచి ఇంకో లైను తీసుకునేది) ఒకటి, 2 ఆంపియర్ల ఫ్యూజులు రెండు మూడు, బ్యాటరీ పక్కన పెట్టడానికి వైరుతో వచ్చే ఫ్యూజ్ హోల్డర్ ఒకటి, ఎర్త్‌కి వైరు చివర బిగించే గుండ్రటి లగ్గు, వైరు మీద లగ్గులు నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్, వేడి తగిలితే ముడుచుకుని అతుకుని పట్టేసే హీట్ ష్రింక్ స్లీవులు, జిప్ టైలు. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మాత్రం డ్యాష్‌బోర్డు కింద వద్దు. మన మే నెల ఎండకి మూసిన కారులో దాని జిగురు కరిగి కారిపోతుంది, ఏడాది తిరిగేసరికి టేపు ఊడి వేలాడుతుంటుంది, చెయ్యి పెడితే అంటుకుంటుంది. కారు వైరింగుకి వాడే గుడ్డ టేపు అని అడిగితే ఇస్తారు.

ఫ్యూజ్ ట్యాప్ కొనేముందు మీ బండి ఫ్యూజు ఒకటి పీకి జేబులో వేసుకుని వెళ్లండి. మామూలు సైజు, మినీ, పొట్టి కాళ్ల మినీ, మైక్రో అని రకాలున్నాయి, చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి పట్టదు. బలవంతంగా దూర్చితే లోపలి రేకులు వెడల్పై ఆ ఫ్యూజుకి జన్మలో పట్టు దొరకదు.

ప్లస్ లైను ఎక్కడ తీసుకోవాలి

ఇక్కడ నిదానంగా చదవండి.

ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి మీటరు కలిపితే, బండి ఆపి ఇంటికెళ్లినా అది వెలుగుతూనే ఉంటుంది. చిన్న డిజిటల్ మీటరు సుమారు 20 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది అనుకుందాం. రోజుకి దాదాపు అర ఆంపియర్ అవర్. ఊరెళ్లి నెల రోజులు బండి వదిలేస్తే 14 పైచిలుకు. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది, బండిలో గడియారం, సెక్యూరిటీ అలారం తాగేది ఇంకోపక్క ఉండనే ఉంది. తిరిగొచ్చాక సెల్ఫ్ తిరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి మీటరు వెలిగేది తాళం తిప్పితేనే అవ్వాలి.

తాళంతో వచ్చే లైన్లలో మళ్లీ రెండు రకాలు. తాళం మొదటి మెట్టులో వచ్చేది ఏసీసీ (యాక్సెసరీ), స్టీరియో, లైటర్ సాకెట్ దాని మీదే ఉంటాయి. రెండో మెట్టులో వచ్చేది ఇగ్నిషన్. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ బలమంతా స్టార్టర్‌కే పోవాలని ఏసీసీని బండే ఆపేస్తుంది. బ్లోవర్ లాంటివి ఉండే ఒక ఇగ్నిషన్ లైను కూడా ఆ క్షణంలో ఆగిపోతుంది. ఇంజన్ నడవడానికి కావాల్సిన ఇగ్నిషన్ లైను మాత్రం ఆగదు, ఆగితే ఇంజనే అందుకోదు కదా. మనక్కావాల్సింది ఆ ఆగని లైను. బ్యాటరీ ఆరోగ్యం అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది సెల్ఫ్ తిరిగే ఆ ఒకటి రెండు సెకన్లలోనే.

ఎలా కనిపెట్టాలి? చాలా కార్లలో స్టీరింగ్ కింద, కుడి మోకాలి దగ్గర ఫ్యూజ్ బాక్స్ ఉంటుంది, మూత లోపలి వైపు ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ ఉంటుంది, లేకపోతే బండి పుస్తకంలో ఉంటుంది. మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లు ఏదైనా పెయింటు లేని బాడీ బోల్టుకి ఆనించండి. ఫ్యూజు పైన రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, పీకకుండానే వాటి మీద ఎర్ర ముల్లు పెట్టి చూడొచ్చు. తాళం తీసినప్పుడు సున్నా ఉండాలి, మొదటి మెట్టులోనూ సున్నా, రెండో మెట్టులో 12 రావాలి. ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టమనండి. మీటరులో అంకె 10కో 11కో జారి మళ్లీ లేస్తే మీరు వెతికే లైను అదే. ఒక్కసారిగా సున్నాకి పడిపోతే ఆ ఫ్యూజు వదిలేసి పక్కది చూడండి.

దొరికినవాటిలో ఏది ఎంచుకోవాలంటే, తక్కువ కరెంటు లాగేది. రివర్స్ లైటు ఫ్యూజు చాలా బండ్లలో మంచి ఎంపిక, రివర్స్ గేరు వేస్తే తప్ప దాని మీద లోడు ఉండదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి అస్సలు పోవద్దు, ఖాళీగా కనిపించినా సరే. బ్లోవర్, వైపర్, వెనక అద్దం డీఫాగర్ ఫ్యూజులు కూడా వద్దు, కానీ కారణం వేరు.

ఆ కారణమే ఈ మొత్తం పనికి కీలకం. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్స్ దాకా వచ్చే దారిలో వైరు, తాళం స్విచ్చు లోపలి కాంటాక్టులు, రెండు మూడు కనెక్టర్లు ఉంటాయి. ప్రతి దానికీ కొంత రెసిస్టెన్స్. అన్నీ కలిపి 0.05 ఓమ్ ఉందనుకోండి, దాని గుండా 8 ఆంపియర్లు పోతే 0.4 వోల్టు దారిలోనే హరించుకుపోతుంది. బ్యాటరీ దగ్గర 14.0 ఉన్నప్పుడు మీ మీటరు 13.6 చూపిస్తుంది. మీటరు లాగేది ఇరవై మిల్లీ ఆంపియర్లే, దాని వల్ల ఏమీ పడిపోదు, కానీ అదే దారిలో పోయే ఏసీ బ్లోవర్ కరెంటు వల్ల పడిపోతుంది. బ్లోవర్ ఒకటో నంబరులో ఒక అంకె, నాలుగులో ఇంకో అంకె. పదేళ్లు దాటిన బండ్లలో తాళం స్విచ్చు కాంటాక్టులు నల్లబడి ఉంటాయి కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

మూడు వైర్ల మీటరు ఇక్కడే ఆదుకుంటుంది. ఎర్ర వైరుని ఇగ్నిషన్ ఫ్యూజు నుంచి తీసుకోండి, అది కేవలం వెలగడానికి, అక్కడ అర వోల్టు పడినా నష్టం లేదు. కొలిచే వైరుని మాత్రం నేరుగా బ్యాటరీ ప్లస్‌కి తీసుకెళ్లండి. అది లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి ఎప్పుడూ కలిపే ఉంచినా బ్యాటరీ దిగదు. బ్యాటరీ దగ్గర జానెడు దూరంలోపే 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. సన్నటి వైరే కదా, మీటరేగా అని ఫ్యూజు మానేస్తే, ఆ వైరు ఎక్కడో బాడీకి ఒరుసుకుని షార్టు అయిన రోజు దాని వెనక ఉన్నది మొత్తం బ్యాటరీ. వైరు ఎర్రగా కాలి డ్యాష్‌బోర్డు లోపల మంటలొస్తాయి. ఫ్యూజు వైరుకి మీటరు చివర కాదు, బ్యాటరీ చివర ఉండాలి.

మీ దగ్గర రెండు వైర్లదే ఉంటే రిలే, అంటే ఒక లైను కరెంటుతో ఇంకో లైనుని కలిపే స్విచ్చు, పెట్టొచ్చు. 30వ పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లైను, 87 నుంచి మీటరుకి, 86కి ఇగ్నిషన్, 85 ఎర్త్. తాళం తిప్పితే రిలే కొట్టుకుని బ్యాటరీ లైను మీటరుకి అందుతుంది. పని పెరుగుతుంది గానీ ఫలితం అదే.

ఎర్త్

ప్లస్ గురించి ఇంత తంటాలు పడి ఎర్త్‌ని స్టీరియో వెనక నల్ల వైరుకి చుట్టేసేవాళ్లు చాలామంది. ఎర్త్ దారిలో పోయే వోల్టేజీ కూడా మీటరు అంకెలోంచే పోతుంది. డ్యాష్‌బోర్డు కింద, డ్రైవరు కాళ్ల దగ్గర, బాడీకి నేరుగా బిగించిన బోల్టు ఒకటి వెతకండి, కంపెనీవాళ్లే అక్కడ రెండు మూడు ఎర్త్ లగ్గులు బిగించి ఉంటారు. దాని కింద పెయింటు ఉంటే సాండ్ పేపరుతో మెరిసేదాకా గీకి, లగ్గు పెట్టి బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి, తుప్పు పట్టదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఈ గ్రీజు అనేది ఐచ్ఛికం కాదు.

కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉంటుంది. ఎర్త్‌ని నేరుగా ఆ టెర్మినల్ బోల్టుకి బిగించకండి, బాడీకే ఇవ్వండి. ఆ సెన్సర్ బ్యాటరీలోకి ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది అని లెక్క వేస్తుంటుంది, దాన్ని దాటేసి ఏదీ కలపకూడదు.

ఇప్పుడు పని మొదలు

తాళం తీసి, 10 నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ ముందు ఊడదీయండి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలి నిప్పులు రేగుతాయి. ఊడదీసిన తీగ స్ప్రింగులా వెనక్కి వచ్చి తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి పెట్టండి. గడియారం, స్టీరియో సెట్టింగులు పోతాయి, కొన్ని స్టీరియోలు కోడ్ అడుగుతాయి, అది ముందే రాసిపెట్టుకోండి. మనదేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు, కాబట్టి ఆ తర్వాతి బండైతే స్టీరింగ్ చుట్టుపక్కల ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ ఉన్నట్టే. మైనస్ తీశాక కొన్ని నిమిషాలు ఆగండి, లోపలి కెపాసిటర్లలో ఛార్జి దిగనివ్వండి. పసుపు రంగు కనెక్టరు గానీ, పసుపు గొట్టంలో ఉన్న వైరు గానీ కనిపిస్తే దాన్ని విప్పడం, గిల్లడం, మల్టీమీటర్ ముల్లు పెట్టడం ఏదీ చెయ్యకండి.

మీటరు ఎక్కడ పెట్టాలో ముందే ఖాయం చేసుకోండి. నాకు నచ్చే చోటు స్టీరింగ్ పక్కన ఖాళీగా ఉండే డమ్మీ స్విచ్చు మూత. దాన్ని వెనక నుంచి తోస్తే ఊడొస్తుంది, దాని మీదే డిస్‌ప్లే సైజుకి గీత గీసి కత్తితో కోసుకోవచ్చు, తప్పు పోతే కొత్త మూత దొరుకుతుంది, డ్యాష్‌బోర్డు మాత్రం పాడవదు. 52 మిల్లీమీటర్లదైతే పైన పెట్టే కప్పు స్టాండు కొనుక్కోండి. డ్యాష్‌బోర్డుకి హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే డ్రిల్ బిట్) పెట్టడం ఆఖరి మార్గం. ఎయిర్‌బ్యాగ్ మూత మీదగానీ, అది తెరుచుకునే దారిలోగానీ ఏదీ అతికించొద్దు, గుద్దినప్పుడు అది మొహం మీదికే వస్తుంది.

బ్యాటరీ నుంచి వచ్చే వైరు ఇంజన్ గదిలోంచి లోపలికి రావాలంటే మధ్య గోడకి ఉన్న రబ్బరు గ్రోమెట్ గుండా రావాలి. కంపెనీ వైరింగ్ కట్ట దూరే చోట రబ్బరుకి పక్కన చిన్న గాటు పెట్టి, గట్టి తీగ చివరకి మన వైరు కట్టి లాగితే వచ్చేస్తుంది. రేకుకి కొత్త రంధ్రం వేసి వైరు ఊరికే దూర్చొద్దు, ఆ అంచు కత్తిలా తోలు కోసేస్తుంది. వైరు మీద ముడతల గొట్టం వేసి, సైలెన్సర్ గొట్టానికీ, రేడియేటర్ ఫ్యాన్‌కీ, బెల్టుకీ దూరంగా, కంపెనీ వైరింగ్ వెంబడే జిప్ టైలు వేస్తూ తీసుకురండి. లోపల క్లచ్, బ్రేకు పెడళ్లు, స్టీరింగ్ రాడ్డు కదిలే చోట్ల వైరు వేలాడకూడదు. మనిషి చేత పెడళ్లు తొక్కించి, స్టీరింగ్ ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పించి, టార్చి వేసి కింద నుంచి చూడండి.

అతుకులు క్రింపింగ్ చేసి హీట్ ష్రింక్ వేయడమే మంచిది. సోల్డరింగ్ తప్పు కాదు, కానీ టంకం ఆగిన చోట వైరు బిర్రుగా మారుతుంది, అదురుకి సరిగ్గా అక్కడే విరుగుతుంది. క్రింప్ చేసిన ప్రతి అతుకునీ పట్టుకుని గట్టిగా లాగి చూడండి, ఊడేదేదో ఇప్పుడే ఊడిపోవాలి.

ఫ్యూజ్ ట్యాప్ పెట్టడంలో ఒక కిటుకుంది. అసలు ఫ్యూజు పీకి దాని చోట ట్యాప్ పెడతాం, ట్యాప్‌లో కింది గదిలో ఆ పాత ఫ్యూజు, పై గదిలో మన 2 ఆంపియర్ల ఫ్యూజు. ట్యాప్‌ని ఎటు తిప్పి పెట్టినా మీటరు వెలుగుతుంది, కానీ ఒక వైపే సరైనది. చివర్లో బ్యాటరీ కలిపి తాళం రెండో మెట్టుకి తిప్పాక పాత ఫ్యూజుని ఒకసారి పీకి చూడండి. మీటరు వెలుగుతూనే ఉంటే సరిగ్గా పెట్టినట్టు, రెండు ఫ్యూజులూ దేని దారి అది చూసుకుంటున్నాయి. మీటరు కూడా ఆరిపోతే ట్యాప్‌ని తాళం తీసేసి తిప్పి పెట్టండి.

అన్నీ కలిపాక మీటరు వైపు వైర్ల చివర్లు ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయో లేదో చూసి, బ్యాటరీ మైనస్ బిగించండి.

మీటరు నిజం చెబుతోందా

ఇది మానేసేవాళ్లే ఎక్కువ, అయిదు నిమిషాల పని. ఇంజన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోవర్ ఫుల్, వెనక డీఫాగర్ అన్నీ వేయండి. మల్టీమీటర్ రెండు ముళ్లూ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద, లగ్గు మీద కాదు, సీసపు స్తంభం మీదే ఆనించి అంకె చూడండి. డ్యాష్‌బోర్డులోది దానికి 0.1 లోపు ఉంటే పని అద్భుతం. 0.2 దాకా పర్లేదు. అంతకంటే తేడా ఉంటే, లైట్లన్నీ ఆపేసి మళ్లీ పోల్చండి. లైట్లు ఆపినా అదే తేడా ఉంటే మీటరే తప్పు చూపిస్తోంది, చాలా డిజిటల్ మీటర్ల వెనక చిన్న స్క్రూ ఉంటుంది, సన్న స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పితే సరిపోతుంది. లైట్లు వేస్తే పెరిగి ఆపితే తగ్గే తేడా అయితే స్క్రూ ముట్టుకోవద్దు, అది లైను తప్పు. పొడుగు వైరు ఒకటి తీసుకుని మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్‌కీ, ఇంకో ముల్లు మీటరు నల్ల వైరుకీ పెట్టండి. అక్కడ 0.1 దాటి కనిపిస్తే దోషం ఎర్త్‌ది, లేదంటే ప్లస్ వైపుది. ఇండికేటర్ టిక్ టిక్ మన్నప్పుడల్లా అంకె కూడా తాళం వేస్తుంటే నూటికి తొంభై పాళ్లు ఎర్తే.

అంకెలు చదవడం

బండి రాత్రంతా ఆగి ఉండి, పొద్దున్నే తాళం రెండో మెట్టులో పెట్టగానే 12.4, 12.5 కనిపిస్తే బ్యాటరీ బాగుంది. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి 2.1 వోల్టులు, నిండుగా ఉంటే 12.6 చిల్లర, తాళం తిప్పగానే బండి కొంత లాగుతుంది కాబట్టి కాస్త తగ్గి కనిపిస్తుంది. 12.1 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు. 11.8 అంటే ఇక ఛార్జరు వెతుక్కోండి. ఇంజన్ ఇప్పుడే ఆపి చూస్తే 12.9 లాంటి అంకె వస్తుంది, దాన్ని నమ్మకండి, కొన్ని గంటలాగితే గానీ అసలు విలువకి దిగదు.

సెల్ఫ్ కొట్టినప్పుడు 10కి పైన నిలబడితే దిగుల్లేదు. 9.6 కిందకి పోతోందంటే బ్యాటరీ అయిపోవస్తున్నట్టే, లేదా టెర్మినళ్ల మీద తెల్ల బూజు పట్టి ఉంటుంది, ముందు అది వేడి నీళ్లు పోసి కడగండి. డిజిటల్ మీటరు సెకనుకి రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది కాబట్టి అసలు పడిపోయిన లోతు దానికి పూర్తిగా దొరకదు. అందుకని ఒక్క అంకెని పట్టుకోకుండా వారాల తరబడి గమనించండి, రోజూ 10.6 చూపేది 10.1, తర్వాత 9.8 అని దిగుతుంటే షాపుకి వెళ్లే టైము వచ్చింది.

ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య మామూలు. ట్రాఫిక్‌లో ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఆగినప్పుడు 13.3కి పడి, యాక్సిలరేటర్ తొక్కగానే లేస్తే కంగారు లేదు. తొక్కినా 12లోనే ఉంటే బెల్టు జారుతోందో, బ్రష్షులు పోయాయో, ఆల్టర్నేటర్ వెనక లావు వైరు నట్టు లూజో చూడాలి. 15 దాటి నిలబడితే ఆ రోజే రెగ్యులేటర్ చూపించండి, బ్యాటరీ మరిగిపోతుంది, బల్బులు వరసగా పోతాయి. రామగుండం, రెంటచింతల వైపు మే ఎండలో దూరం నడిపాక 13.6 చూపిస్తుంటే అది రోగం కాదు, వేడెక్కిన కొద్దీ రెగ్యులేటరే ఛార్జింగ్ తగ్గిస్తుంది.

ఈ మధ్య వచ్చిన చాలా కార్లలో ఆల్టర్నేటర్‌ని కంప్యూటరే నడుపుతుంది. తొక్కేటప్పుడు ఇంధనం మిగలాలని ఛార్జింగ్ ఆపేసి 12.6కి దించుతుంది, కాలు తీయగానే 14.8 దాకా ఎక్కిస్తుంది. అలాంటి బండిలో అంకె ఊయల ఊగుతుంటే ఆల్టర్నేటర్ మార్చేయమని ఎవరన్నా చెబితే వినకండి. సెల్ఫ్ అంకె, పొద్దుటి అంకె మాత్రమే లెక్కలోకి తీసుకోండి.

ఇంకో పాత అలవాటు కూడా మానాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, బండి ఆగకపోతే డైనమో (ఆల్టర్నేటరే) బాగుందని చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. పాత జీపుల్లో అది నడిచింది. ఇప్పటి బండ్లలో బ్యాటరీ తీసిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారి ఎగిసి కంప్యూటరు, స్టీరియో, మీరు ఇప్పుడే పెట్టిన మీటరు అన్నీ కలిసి పోవచ్చు. మీటరులో 14 కనిపిస్తుంటే పీకి చూడాల్సిన పనే లేదు.

మిగిలిన చిన్న సంగతులు

రాత్రి వెలుగు ఎక్కువైతే డిస్‌ప్లే మీద సన్ ఫిల్మ్ ముక్క ఒకటో రెండో అంటించండి, పగలు కూడా కనిపిస్తుంది, రాత్రి అద్దంలో మెరవదు. ముల్లు మీటరుకైతే లోపలి బల్బు వైరుని పార్కింగ్ లైటు లైనుకి ఇస్తే లైట్లు వేసినప్పుడే వెలుగుతుంది.

లారీ, బస్సు అయితే 24 వోల్టులు, రెండు బ్యాటరీలు వరసగా. పైన చెప్పిన అంకెలన్నీ రెట్టింపు చేసుకోండి, మీటరు మీద 30 వోల్టుల దాకా పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. కేవలం 12 వోల్టులదని రాసి ఉన్నది పెడితే తాళం తిప్పగానే పొగ వస్తుంది. బైకుకైతే వాన నీళ్లు పోనిది, రబ్బరు మూతతో వచ్చేది కొనాలి. అక్కడ బ్యాటరీ చిన్నది కాబట్టి ఇగ్నిషన్ లైను మీద పెట్టే నియమం ఇంకా గట్టిగా పాటించాలి.

వారంటీలో ఉన్న కారైతే ఏ కంపెనీ వైరునీ కోయకండి, గిల్లకండి. ఫ్యూజ్ ట్యాప్ వాడమన్నది అందుకే, ఏదైనా పేచీ వస్తే పీకేసి పాత ఫ్యూజు పెట్టేస్తే బండి మళ్లీ షోరూం నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఫ్యూజ్ బాక్స్ మూత లోపల చిన్న కాగితం అంటించి, ఏ ఫ్యూజు మీద ట్యాప్ ఉంది, బ్యాటరీ దగ్గర రెండో ఫ్యూజు ఎక్కడ ఉందో రాసిపెట్టండి, రేపు వేరే ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టినప్పుడు ఈ వైరేంటని తెంపేయకుండా ఉంటాడు.